మంచి సారే కదా అనుకుంటే చాలదు: ఆటల్లో పిల్లల రక్షణ

జిల్లా స్థాయి అండర్-14 సెలక్షన్స్ జరిగే రోజు అనంతపురంలో ఏ స్టేడియానికైనా వెళ్లి చూడండి. గుత్తి, ఉరవకొండ, కళ్యాణదుర్గం నుంచి తొలి బస్సు పట్టుకుని వచ్చిన పిల్లలు గోడ నీడన వరుసగా కూర్చుని ఉంటారు. కొందరికి బూట్లుంటాయి, కొందరు వట్టి కాళ్లతోనే పరిగెత్తుతారు. మధ్యాహ్నానికి ఒక సారు తెల్ల కాగితం పట్టుకుని వచ్చి పేర్లు చదువుతారు. పేరు లేని పిల్ల సంచి సర్దుకుని బస్టాండుకు నడుస్తుంది. ఎందుకు లేదని అడిగే దారి ఆ పిల్లకూ తెలియదు, వెంట వచ్చిన తండ్రికీ తెలియదు.

ఆటల్లో పిల్లలపై జరిగే వేధింపుల గురించి మాట్లాడాలంటే ఆ కాగితం దగ్గరే మొదలుపెట్టాలి.

లెక్కల సారుకు కోపమొస్తే క్లాసు పరీక్షలో మార్కులు తగ్గుతాయి. పదో తరగతి పేపరు ఎక్కడో ఎవరో దిద్దుతారు కాబట్టి ఆయన కోపం అక్కడితో ఆగిపోతుంది. కోచ్ విషయంలో అలా దిద్దేవాళ్లు వేరే ఎవరూ ఉండరు. జట్టులో చోటు, స్టేట్ మీట్‌కు పంపడం, స్పోర్ట్స్ హాస్టల్ సీటుకు సిఫార్సు, రేపు కాలేజీ సీటుకో ఉద్యోగానికో స్పోర్ట్స్ కోటాలో పనికొచ్చే సర్టిఫికెట్, అన్నీ ఒక్క మనిషి చుట్టూ తిరుగుతాయి. పైగా ఆట అంటేనే ఒంటితో పని. భుజం పట్టుకుని బౌలింగ్ యాక్షన్ సరిచేయాలి, నడుం పట్టుకుని జిమ్నాస్టిక్స్ నేర్పాలి, పిక్క పట్టేస్తే నొక్కాలి. ప్రాక్టీసు తెల్లవారుజామున ఉంటుంది, లేదంటే చీకటి పడేదాకా సాగుతుంది. టోర్నమెంటుకు వెళితే రెండు మూడు రాత్రులు ఇంటికి దూరం. అధికారం, ఒంటిని ముట్టుకునే అవకాశం, ఏకాంతం మూడూ ఒకే మనిషికి ఒకేసారి దొరికే చోటు పిల్లల జీవితంలో ఇంకోటి లేదు. ఎక్కువమంది కోచ్‌లు ఆ అవకాశాన్ని ఎన్నడూ దుర్వినియోగం చేయరు. చెయ్యాలనుకునేవాడికి మాత్రం అడ్డేమీ లేదు. నా బాధంతా దాని గురించే.

రాయలసీమలో దీనికి ఇంకో బరువు తోడవుతుంది. కర్నూలు పడమటి మండలాలు, కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల ఊళ్ల నుంచి పంటలు పోయిన ఏడు జనం గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు భవనాల పనులకు వలస పోతారు. పిల్లలు అవ్వాతాతల దగ్గరో, హాస్టల్లోనో ఉండిపోతారు. అలాంటి పిల్లకు స్పైక్స్ కొనిచ్చి, గుడ్డూ అరటిపండూ పెట్టి, 'నువ్వు స్టేట్ ఆడతావు పాపా' అన్న మనిషి కోచ్ ఒక్కడే అయినప్పుడు, ఆయన మీద ఫిర్యాదు చేయడమంటే అన్నం పెట్టిన చేతిని అనుమానించినట్టే ఉంటుంది. తల్లిదండ్రులకూ అంతే. డబ్బు తీసుకోకుండా నేర్పుతున్నాడు, ఇంకేం అడుగుతాం అనుకుంటారు.

ఆట వద్దనడం నా ఉద్దేశం కాదు. మన దగ్గర ఆట పిల్లలకు నిజంగానే దారి చూపిస్తోంది. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మైదానాలు వేలమంది పల్లె పిల్లలకు ఆట నేర్పాయి. టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో అక్కడే పేద పిల్లల కోసం టెన్నిస్ స్కూలు పెట్టింది. కడప పుట్లంపల్లి క్రీడా పాఠశాలలో నాలుగో తరగతి నుంచే పిల్లల్ని తీసుకుంటారు. 2025లో వన్డే ప్రపంచకప్ గెలిచిన మహిళల జట్టులో కడప జిల్లా పల్లె నుంచి వెళ్లిన శ్రీచరణి ఉంది. ఆమెను టీవీలో చూసి బ్యాట్ కొనివ్వమని అడిగే అమ్మాయిలకు మనం ఎలాంటి గ్రౌండు చూపిస్తున్నామన్నదే నా ప్రశ్న.

దెబ్బతో మొదలవుతుంది

వేధింపు అనగానే అందరికీ లైంగిక వేధింపే గుర్తొస్తుంది. గ్రౌండులో పిల్లలకు రోజూ ఎదురయ్యేవి వేరే. స్టంపుతో పిక్కల మీద కొట్టడం, 'ఎద్దులాగ ఉన్నావు, పరిగెత్తలేవా' అని అందరి ముందూ అనడం, కులం పేరెత్తి తిట్టడం, ఓడిపోయి వచ్చిన రోజు అన్నం తిననివ్వకుండా రౌండ్లు కొట్టించడం, మే నెల ఎండలో నీళ్లు అడిగితే 'ఇంకో పది రౌండ్ల తర్వాత' అనడం. ఉబ్బిన మడమకు నొప్పి మాత్ర వేసి ఫైనల్ ఆడించడం కూడా ఇందులోదే. వయసు తగ్గించి దొంగ సర్టిఫికెట్‌తో అండర్-14లో ఆడించడమూ అంతే. ఆ అబద్ధం బయటపడుతుందన్న భయంతో ఆ పిల్లాడు ఆ తర్వాత కోచ్ ఏం చేసినా నోరు మెదపలేడు.

'నాలుగు తగిలిస్తేనే దారికొస్తారు' అని తండ్రులే కోచ్‌కు చెప్పి వెళ్లడం మన దగ్గర మామూలు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా హింసించడాన్నీ నిషేధించింది. బడి గ్రౌండు కూడా బడే. ప్రైవేటు అకాడమీలో అయితే 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఉంది. పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవాళ్లు వాళ్లను కొట్టినా, హింసించినా మూడేళ్ల దాకా జైలు పడొచ్చు.

దెబ్బను నేను ఇంతగా పట్టించుకోవడానికి కారణముంది. నీ ఒంటి మీద సారుకు హక్కుంది, నొప్పి పుట్టినా మాట్లాడకూడదు, ఇంట్లో చెబితే 'నువ్వే ఏదో చేసుంటావు' అంటారు అన్న పాఠం తొమ్మిదేళ్లకే నేర్చుకున్న పిల్ల, పన్నెండేళ్లప్పుడు ఆ చెయ్యి ఇంకోలా తాకితే ఎవరికి చెబుతుంది? లైంగిక వేధింపుకు నేల దున్నేది ఆ పాఠమే. బెత్తం పట్టుకునే గ్రౌండులో పిల్లలు ఏ విషయమూ బయటికి చెప్పరు.

మచ్చిక చేసుకునే తీరు

పిల్లల్ని పాడుచేసేవాడు ఎవరో తెలియని మనిషని, చీకట్లో పొంచి ఉంటాడని మనం అనుకుంటాం. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో, మన ఆంధ్రప్రదేశ్‌తో కలిపి, 12 వేలకు పైగా పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం చేసింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని 53 శాతం పిల్లలు చెప్పారు. వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. వేధించినవాళ్లలో సగంమంది పిల్లలకు తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మినవాళ్లు. మగపిల్లాడిని క్రికెట్ క్యాంపుకు పంపితే భయం లేదనుకునే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఇంగ్లండులో ఫుట్‌బాల్ కోచ్ బ్యారీ బెన్నెల్ దశాబ్దాల పాటు మగపిల్లల్నే వేధించాడు. ఒక మాజీ ఆటగాడు 2016లో ధైర్యం చేసి పేరుతో సహా బయటికొస్తే, అప్పుడు వందలమంది మగవాళ్లు తమ చిన్నతనంలో ఏం జరిగిందో చెప్పడం మొదలుపెట్టారు.

పద్ధతి ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. ముందు పిల్లల్లో ఒకరిని ఎంచుకుంటాడు. ఇంట్లో తండ్రి లేని పిల్ల, డబ్బుకు ఇబ్బంది పడే పిల్ల, అందరితో కలవని పిల్ల. తర్వాత ఇంటివాళ్లను గెలుచుకుంటాడు. ఇంటికొచ్చి కాఫీ తాగుతాడు, 'మీ పాపను నా బిడ్డలాగ చూసుకుంటానమ్మా' అంటాడు. కిట్ బ్యాగు కొనిస్తాడు. ప్రాక్టీసు అయ్యాక మిగతావాళ్లను పంపేసి 'నీకు ఎక్స్‌ట్రా కోచింగ్' అంటాడు. బైకు మీద దింపుతాడు. రాత్రి పదింటికి వాట్సాప్‌లో 'తిన్నావా' అని మెసేజ్ పెడతాడు. ఒక చిన్న రహస్యం ఇద్దరి మధ్యా పెడతాడు: 'ఈ చాక్లెట్ సంగతి మిగతావాళ్లకు చెప్పొద్దు, కుళ్లుకుంటారు.' పిల్ల చెప్పకపోతే రేపు ఇంకో రహస్యం. ఆ తర్వాత మసాజ్ పేరుతో, కొలతల పేరుతో, 'ఫిట్‌నెస్ చూడాలి' అంటూ చెయ్యి పడుతుంది. అప్పటికి పిల్ల తను కూడా తప్పులో భాగమేనని నమ్మి ఉంటుంది. బూట్లు తీసుకుంది కదా, మెసేజ్‌లకు జవాబిచ్చింది కదా.

వీటిలో ఏ ఒక్కటి విడిగా తీసుకున్నా తప్పనిపించదు. బూట్లు కొనిచ్చే మంచి కోచ్‌లు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. తేడా ఎక్కడుందంటే, మంచి కోచ్ చేసే పని పదిమందికి తెలిసినా ఆయనకు ఇబ్బంది లేదు.

తల్లి పక్కనే ఉంటే చాలనుకునేవాళ్లు అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ కేసు తెలుసుకోవాలి. చికిత్స పేరుతో అతను వందలమంది అమ్మాయిలను వేధించాడు. కొన్నిసార్లు తల్లి అదే గదిలో కూర్చుని ఉంది. ఆమెకు కనిపించకుండా అడ్డంగా నిలబడి ఆ పని చేశాడు. 1997లోనే ఒక అమ్మాయి తన కోచ్‌కు చెప్పింది, కోచ్ నమ్మలేదు. 2015లో ఎఫ్‌బీఐకి ఫిర్యాదు వెళితే అదీ నెలల తరబడి మూలన పడింది. 2016లో ఒక స్థానిక పత్రిక రాసేదాకా కదలిక లేదు. 2018 జనవరిలో కోర్టులో 150 మందికి పైగా అతని ముందు నిలబడి తమకు జరిగింది చెప్పారు. నాసర్ ఒక్కడే చెడ్డవాడు. చెబితే నమ్మనివాళ్లు, నమ్మినా కాగితం కదపనివాళ్లు చాలామంది. ఆ ఇరవై ఏళ్లూ అతనికి ఇచ్చింది వాళ్లే.

మన దేశంలో రుచిక కేసు ఇంకా కడుపు తరుక్కుపోయేలా ఉంటుంది. 1990 ఆగస్టులో పంచకులలో, హర్యానా లాన్ టెన్నిస్ సంఘం అధ్యక్షుడిగా ఉన్న ఐపీఎస్ అధికారి తనను వేధించాడని 14 ఏళ్ల అమ్మాయి చెప్పింది. కేసు పెట్టాలని ఆ రాష్ట్ర డీజీపీ విచారణ నివేదికే సిఫార్సు చేసింది. కేసు మాత్రం పెట్టలేదు. అమ్మాయిని బడి నుంచి తీసేశారు. ఆమె అన్న మీద కార్ల దొంగతనం కేసులు వరుసగా పడ్డాయి. 1993 డిసెంబరులో ఆమె విషం తాగి చనిపోయింది. నిందితుడు ఆ తర్వాత అదే రాష్ట్రానికి డీజీపీ అయ్యాడు. 2009లో కోర్టు వేసిన శిక్ష ఆరు నెలలు. పై కోర్టు 18 నెలలకు పెంచినా, 2016లో సుప్రీంకోర్టు నేరాన్ని ఖాయం చేస్తూ, అప్పటికే అనుభవించిన జైలుతో సరిపెట్టింది. 19 ఏళ్ల పాటు ఆ కేసును బతికించింది ఆమె స్నేహితురాలు, ఆ స్నేహితురాలి తల్లిదండ్రులు. పిల్ల మాట నమ్మిన పెద్దవాళ్లు ఇద్దరుండబట్టి కేసు బతికింది. ఆ పిల్ల మాత్రం బతకలేదు.

చట్టంలో గ్రౌండు ఉంది

రుచిక కాలంలో లేనిది ఇప్పుడు ఉంది. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్లు నిండని ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా అది వర్తిస్తుంది. 17 ఏళ్ల అమ్మాయి 'నేను ఇష్టపడే వెళ్లాను' అన్నా ఆ మాట కోచ్‌ను కాపాడదు, ఆ వయసులో సమ్మతికి చట్టంలో విలువ లేదు. అశ్లీల మెసేజ్‌లు, బొమ్మలు చూపించడం, పదేపదే ఫోన్లో వెంటపడటం, ముట్టుకోకపోయినా నేరమే. దుస్తుల మీద నుంచి తాకితే పోక్సో కింద లైంగిక దాడి కాదన్న బాంబే హైకోర్టు తీర్పును 2021 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. చూడాల్సింది ఉద్దేశాన్ని, బట్టను కాదు.

అదే పని బయటివాడు చేస్తే ఒక శిక్ష, పిల్లల నమ్మకం, అధికారం చేతిలో ఉన్న మనిషి చేస్తే ఎక్కువ శిక్ష. లైంగిక ఉద్దేశంతో తాకినందుకు మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు. విద్యాసంస్థ సిబ్బందో, పిల్లలకు సేవలందించే సంస్థ సిబ్బందో, పిల్లలపై పెత్తనం ఉన్నవాళ్లో అయితే ఐదు నుంచి ఏడేళ్లు. అలాంటివాళ్లు చేసింది అత్యాచారమే అయితే 2019 సవరణ తర్వాత కనీసం 20 ఏళ్లు.

చాలామంది నిర్వాహకులకు తెలియని సంగతి 2020 పోక్సో నియమాల్లో ఉంది. పిల్లలుండే, పిల్లలతో రోజూ పనిపడే సంస్థలన్నీ సిబ్బంది మొత్తానికి, కాంట్రాక్టు వాళ్లతో సహా, పోలీసు వెరిఫికేషన్ ఎప్పటికప్పుడు చేయించాలి. ఆ నియమంలో బడులు, శిశు కేంద్రాలతో పాటు స్పోర్ట్స్ అకాడమీలు అని పేరు పెట్టి మరీ రాశారు. ప్రతి సంస్థకూ పిల్లల రక్షణ విధానం ఉండాలని కూడా అందులోనే ఉంది. కానీ మన ఊళ్లలో ఒక ఖాళీ స్థలం అద్దెకు తీసుకుని, రెండు నెట్లు కట్టి, 'సమ్మర్ కోచింగ్ క్యాంప్' అని ఫ్లెక్సీ వేస్తే అకాడమీ అయిపోతుంది. బౌలింగ్ మెషిన్ ఉందా అని అడిగిన తండ్రి, పోలీసు వెరిఫికేషన్ ఉందా అని అడగడు. అడగడం మొదలుపెడితే ఆ కాగితం కూడా ఫ్లెక్సీ పక్కనే కనిపిస్తుంది.

పని చోట లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం కూడా స్టేడియాన్ని, క్రీడా సంస్థను, పోటీలు జరిగే చోటును 'పని చోటు' కిందే లెక్కేసింది. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండి తీరాలి. 2023లో మహిళా రెజ్లర్లు ఢిల్లీ రోడ్డు మీద కూర్చున్నప్పుడు, జాతీయ క్రీడా సమాఖ్యల్లో చాలావాటికి సరైన కమిటీలే లేవన్న సంగతి దేశమంతా తెలిసింది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం మహిళా క్రీడాకారులకు, మైనర్లకు రక్షణనిచ్చే సేఫ్ స్పోర్ట్స్ విధానం గురించి మాట్లాడుతోంది. ఢిల్లీలో రాసిన విధానం ఆదోని గ్రౌండు దాకా రావాలంటే ఇక్కడ ఎవరో ఒకరు గట్టిగా అడగాలి.

ఇక పోక్సో చట్టం 19వ సెక్షన్. నేరం జరిగిందని తెలిసినా, జరిగే ప్రమాదముందని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పడం ప్రతి ఒక్కరి బాధ్యత. తల్లిదండ్రులకే కాదు, తోటి కోచ్‌కు, హాస్టల్ వార్డెన్‌కు, గ్రౌండ్‌మన్‌కు, హెడ్మాస్టరుకు కూడా. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు, సంస్థ అధిపతి తన కింద పనిచేసేవాడి గురించి దాచిపెడితే ఏడాది దాకా. 'సంస్థ పరువు పోతుంది, మనలో మనం మాట్లాడుకుందాం' అనే పెద్దమనిషి ఆ మాటతోనే నేరం చేస్తున్నాడు. సదుద్దేశంతో సమాచారమిస్తే, తర్వాత అది రుజువు కాకపోయినా, చెప్పినవాళ్లకు చట్టం రక్షణ ఇస్తుంది. పిల్ల తప్పుగా చెప్పినా పిల్లకు శిక్ష ఉండదు.

రాజీ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మన వైపు ఇలాంటివి ఎక్కువగా పంచాయితీలోనే ముగుస్తాయి. పార్టీ పెద్దలో, కుల పెద్దలో కూర్చుని, 'పెళ్లి కావాల్సిన పిల్ల' అని తల్లిని భయపెట్టి, ఎంతో కొంత ఇప్పించి, కోచ్‌ను వేరే ఊరికి పంపిస్తారు. ఆ వేరే ఊళ్లోనూ పిల్లలున్నారు. రాజస్థాన్‌లో ఒక టీచరు మీద కేసు విద్యార్థిని తండ్రి రాజీపడ్డాడని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. ఇది రెండు కుటుంబాల గొడవ కాదు, సమాజం మీద నేరం, రాజీతో ముగియదు అని చెప్పింది.

స్టోర్ రూం తాళం

మన గ్రౌండ్లలో చాలాచోట్ల తాళం వేసే గది ఒక్కటే ఉంటుంది. నెట్లు, బంతులు, హర్డిల్స్, సున్నం బస్తాలు పెట్టే స్టోర్ రూం. ఆడపిల్లలు బట్టలు మార్చుకునేదీ అందులోనే. తాళంచెవి సారు జేబులో ఉంటుంది. కోట్లు పెట్టి ఫ్లడ్‌లైట్లు వేసేవాళ్లు ఆడపిల్లలకు లోపల గడియ పడే ఒక గదీ, ఒక బాత్రూమూ కట్టకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

రక్షణంటే ముప్పాతిక భాగం ఇలాంటి ఏర్పాట్లే. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ నలుగురికీ కనిపించని చోట ఒంటరిగా ఉండకూడదు, ఎంత గొప్ప కోచ్ అయినా సరే. ఎక్స్‌ట్రా కోచింగ్ కావాలంటే ఇద్దరికి కలిపి, లేదా అమ్మానాన్నల్లో ఒకరు గట్టు మీద కూర్చుని ఉండగా. మెసేజ్‌లన్నీ తల్లిదండ్రులున్న గ్రూపులోనే. మసాజ్, ఫిజియో అవసరమైతే ఇంకో మనిషి ఎదుట. బైకు మీద ఒక్క పిల్లనే ఎక్కించుకోకూడదు. ఇవి రాసి గోడకు అంటిస్తే ఒక్క రూపాయి ఖర్చు కాదు.

ప్రయాణాల్లో ఇంకా జాగ్రత్త కావాలి. గుంతకల్లులో రాత్రి రైలెక్కి స్టేట్ మీట్‌కు వెళ్లిన పిల్లలు ఏదో ఒక బడి తరగతి గదిలో బెంచీలు పక్కకు జరిపి, దుప్పట్లు పరుచుకుని పడుకుంటారు. ఆడపిల్లల జట్టు వెంట ఆడ పీఈటీ లేకపోతే పక్క బడి టీచరమ్మనో, ఒక తల్లినో పంపాలి. మహిళా క్రీడాకారులున్న బృందాల వెంట మహిళా కోచ్ ఉండి తీరాలని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా 2022లోనే జాతీయ సమాఖ్యలకు చెప్పింది. జాతీయ క్రీడాకారిణికి అవసరమైనది ఆరో తరగతి పిల్లకు అవసరం లేదా? రాత్రిపూట పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని ఏడిపించడం, ర్యాగింగ్ పేరుతో బట్టలు విప్పించడం కూడా ఈ గదుల్లోనే జరుగుతాయి, కోచ్‌లు 'మేమూ అలాగే పెరిగాం' అని వదిలేస్తారు. సీనియర్లను, జూనియర్లను వేర్వేరు గదుల్లో పడుకోబెడితే సగం పోతుంది.

'ఇన్ని నియమాలు పెడితే మేం కోచింగ్ ఎలా ఇస్తాం, ముట్టుకోకుండా ఆట వస్తుందా' అని మంచి కోచ్‌లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ముట్టుకోవద్దని ఎవరూ అనడం లేదు. 'నీ మోచెయ్యి పట్టుకుని చూపిస్తాను, సరేనా?' అని అడిగి, అందరి ముందూ ముట్టుకోమంటున్నాం. అలా పది రోజులు అడిగిన కోచ్ దగ్గర పిల్లలు ఇంకో మాట కూడా నేర్చుకుంటారు, అడగకుండా ముట్టుకుంటే వద్దనొచ్చని. తప్పుడు ఆరోపణ వస్తుందని భయపడే కోచ్‌కు కూడా, నలుగురి కళ్ల ముందు పనిచేశానని చెప్పగలగడమే పెద్ద రక్ష.

అన్నింటికన్నా ముఖ్యం, సెలక్షన్‌తో సంబంధం లేని ఒక మనిషి. పిల్లలు చెప్పుకునేది ఎవరికైనా సరే, ఆ మనిషి చేతిలో జట్టు లిస్టు ఉండకూడదు. కేరళ పత్తనంతిట్టలో ఒక అథ్లెట్ అమ్మాయి 13 ఏళ్ల వయసు నుంచి తనను 60 మందికి పైగా వేధించారని, వాళ్లలో కోచ్‌లూ ఉన్నారని 2025 జనవరిలో బయటపడింది. ఆమె నోరు విప్పింది ఇంటింటికీ తిరిగే కౌన్సెలింగ్ కార్యకర్తల దగ్గర. మనకు గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు ఉన్నారు, అంగన్‌వాడీ టీచరమ్మ ఉన్నారు, జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉంది. వాళ్లలో ఒకరు నెలకోసారి గ్రౌండుకొచ్చి, కోచ్ లేనప్పుడు పిల్లలతో కూర్చుంటే చాలు. పేరు, ఫోన్ నంబరు, పక్కన పిల్లల హెల్ప్‌లైన్ 1098 అని తెలుగులో పెద్ద అక్షరాలతో గేటు మీద రాయాలి.

పిల్ల చెప్పిన రోజు

పిల్లలు ముందే నోటితో చెప్పరు. ఆటంటే ప్రాణమిచ్చే పిల్ల ఉన్నట్టుండి గ్రౌండుకు పోనంటుంది. కడుపునొప్పి అంటుంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది. ఎవరూ కొనివ్వని వస్తువు సంచిలో కనిపిస్తుంది. అలసట అనుకుని వదిలేయకుండా, పక్కన కూర్చుని 'గ్రౌండులో ఎవరన్నా నీకు నచ్చని పని చేశారా నాయనా?' అని అడగాలి.

చెప్పినప్పుడు ముందు 'నిన్ను నమ్ముతున్నాను, నీ తప్పేం లేదు' అనాలి. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడగకూడదు, పదిసార్లు తిరగేసి అడగకూడదు. చెప్పింది పిల్ల మాటల్లోనే రాసి పెట్టుకోవాలి. ఫోన్లో మెసేజ్‌లు చెరపకూడదు. ఒంటి మీద దాడి అప్పుడే జరిగి ఉంటే స్నానం చేయించకుండా, ఆ బట్టలు ఉతకకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముందు ఎఫ్ఐఆర్ తెమ్మని ఆసుపత్రి అనకూడదు, ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా చికిత్స చేయాలి. ఆవేశంలో తండ్రి నేరుగా కోచ్ ఇంటి మీదికి పోతే, సాక్ష్యాలు మాయమవడానికి అతనికి ఒక రాత్రి ఇచ్చినట్టవుతుంది. 1098కో, అత్యవసర నంబరు 112కో ఫోన్ చేయాలి. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకుని తీరాలి, నేరం జరిగిన ఊరు మా పరిధి కాదనడం కుదరదు.

స్టేషన్ అంటేనే వణికే అమ్మలకు ఈ సంగతులు తెలియాలి. పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో, పిల్ల కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో ఉండకూడదు. పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లకు పరీక్ష చేసేది మహిళా డాక్టరే, తల్లి పక్కనే ఉండొచ్చు. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలపాలి. సమితి ఆ కుటుంబానికి తోడుగా ఒక సహాయకుణ్ణి ఇవ్వగలదు. పిల్ల పేరు, బడి, ఇల్లు, ఫొటో ఏ పత్రికా, ఏ వాట్సాప్ గ్రూపూ బయటపెట్టకూడదు. 'ఫలానా ఊరి కబడ్డీ అమ్మాయి' అని రాసినా ఆ ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది, అదీ నేరమే.

ఆ తర్వాత మన దగ్గర జరిగేది ఒకటుంది, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది అదే. పిల్లను ఆట మాన్పించేస్తారు. కోచ్ మర్నాడు ఉదయం విజిల్ వేసుకుంటూ గ్రౌండులోనే ఉంటాడు. ఫిర్యాదు వచ్చిన రోజు నుంచి విచారణ తేలేదాకా పిల్లలతో పని నుంచి తప్పించాల్సింది అతణ్ణి. అది శిక్ష కాదు, జాగ్రత్త. ఆ ఏడాది ఆ పిల్ల సెలక్షన్స్ వేరే సెలక్టర్ల ముందు జరగాలి. సాక్ష్యం చెప్పిన తోటి పిల్లలకూ అంతే.

మాన్పించాలని నిర్ణయించే ముందు అమ్మానాన్నలు ఆ పిల్లనే అడగాలి. ఆడతానంటే వేరే కోచ్‌ను, వేరే ప్రాక్టీసు వేళలను ఏర్పాటు చేయమని జిల్లా క్రీడాభివృద్ధి అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి, ఇచ్చినట్టు రశీదు తీసుకోవాలి. వారం దాటినా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టొచ్చు. అందులో కేసు వివరాలు రాయనక్కర్లేదు. కోచింగ్ మార్చమని, సెలక్షన్స్‌కు వేరే ప్యానెల్ కావాలని రాస్తే చాలు.